తాపీ

ఏడున్నరకే వాన పట్టుకుంది ట్రెడీగర్‌ని.
వ్యాన్ దిగకముందే గెథిన్
అద్దం మీది ఆవిరిలో వేలితో గది గీశాడు:
పైకప్పు, పొయ్యి ఉన్న గోడ, దానికెదురు గోడ.
నాలుగోది కిటికీ గోడ. అది గీయలేదు.
"రేపు," అన్నాడు.
ఎందుకని నేనడగలేదు.
పనిలో చేరి పదకొండు రోజులే.

జిగురు నీళ్లు నిన్ననే తాగించాం.
మునివేళ్లతో తడిమితే ఇంకా అంటుకుంటోంది గోడ,
జ్వరం దిగుతున్న పిల్లాడి మెడలా.
సరే, పనికొస్తుంది.

ముందు నీళ్లు. ఆ తర్వాతే పొడి.
తిరగేసి పోస్తే అడుగున ఉండలు కడుతుంది,
అవి సాయంత్రం దాకా తాపీ కింద గీరుతూనే ఉంటాయి.
బకెట్ కడిగావా, లోరీ? మూడుసార్లు అడుగుతాడు.
నిన్నటి పిసరు ఒక్కటి అంచున మిగిలినా
తోడు చుక్క పడ్డ పాలలా
ఇవాళ్టిదంతా తొందరపడి బిగిసిపోతుందట.
కరగబోయే ఐస్‌క్రీమ్‌లా ఉండాలి.
కట్టె నిలబెడితే కాసేపు నిలబడి,
మనసు మార్చుకుని పక్కకి వాలాలి.

పైకప్పు ముందు,
మెడ ఇంకా మన మాట వినే వేళలో.
మొదటి పూతకి మాట్లాడతాడు,
కూతురి కుక్క గురించీ, రగ్బీలో మళ్లీ ఓడటం గురించీ.
రెండో పూతకి మాట్లాడడు.
ఆ తర్వాత ఇద్దరం చేతులు వేలాడేసి
ఊరికే నిలబడతాం.
నిలబడటమూ కూలిలో భాగమే అంటాడు.
ముదురు గులాబీ మూలల్నుంచి పాలిపోతూ వస్తుంది.
వేలు వెనక్కి తిప్పి, కణుపుతో తాకి చూస్తాడు.
ఇంకా కాదు.
ఇంకా కాదు.
ఇప్పుడు.

సరిగ్గా ఆ "ఇప్పుడు" అన్నప్పుడే
మిసెస్ గ్విలిమ్ టీ పట్టుకొస్తుంది,
పాపం, ప్రతిసారీ.
మీగడ కట్టిన కప్పులు కిటికీలో మమ్మల్ని చూస్తుంటాయి.
చల్లారిన టీ తాగొచ్చు,
బిగిసిన గోడని బతిమాలలేం.

రెండున్నరకి ఎదురు గోడ చివరి నునుపులో ఉన్నాడు.
కుంచెతో నీళ్లు చిలకరిస్తూ, తాపీ వాలుగా పట్టి,
పొడుగ్గా, ఒకే ఊపిరికి ఒకే లాగు.
ఇంకా వెలుతురుంది. బస్తా ఉంది. చేతులున్నాయి.
మెచ్చుకుంటాడనుకున్నాను.
వెనక గదిలో నిండు బకెట్ కలిపేశాను,
నాలుగో గోడకి.

మిక్సర్ మోత విన్నాడు. తిరగలేదు.
గోడ అతణ్ణి వదిలే వేళ కాదది.
నేనొక్కదాన్నే బకెట్ దగ్గర నిలబడి
అది నా కళ్ల ముందే చిక్కబడటం చూశాను.
పలక మీదకి తీసినదీ పలక మీదే ఆగిపోయింది.

అతను వచ్చి బకెట్ బోర్లించి
అడుగున బూటుతో ఒక్క తన్ను తన్నాడు.
బకెట్ రూపం బకెట్ వదిలి బయటికొచ్చింది,
నడుం చుట్టూ వలయాలతో సహా.
ఎత్తి చూడమన్నాడు.
వెచ్చగా ఉంది.
అప్పుడే నిద్ర లేపిన జంతువంత వెచ్చగా.
బిగిసేటప్పుడు గోడలూ ఇంతే, కాస్త కాగుతాయి,
ఆ సంగతి పదకొండు రోజుల్లో నాకెవరూ చెప్పలేదు.

తిట్లు వస్తాయనుకున్నాను.
చొక్కా పక్కకి లాగి కుడి భుజం చూపించాడు,
ఆపరేషన్ కుట్లు, వంకరగా.
"ముప్పై నాలుగేళ్లలో వేసిన
నాలుగో గోడలన్నీ
ఇదిగో, ఇక్కడున్నాయి."
అంతే. తర్వాత బకెట్ కడగమన్నాడు.
కడిగాను. అంచు కింద కూడా.

ఆ ముద్దని మిసెస్ గ్విలిమ్ అడిగి తీసుకుంది,
పెరటి గేటు గాలికి కొట్టుకోకుండా ఆనించడానికి.
వానకి నిలవదమ్మా అన్నాడు గెథిన్,
ఒక్క చలికాలానికే కరిగిపోతుంది.
"నాకూ అంతే కావాలి," అందామె.
ఆ మాటకి ఏమనాలో మా ఇద్దరికీ తెలియలేదు.

పొద్దున మళ్లీ వాన.
అద్దం మీద నిన్నటి గది ఆరిపోయి
వేలి జిడ్డు మాత్రం మిగిలింది.
గెథిన్ నా వైపు చూశాడు, గీయమన్నట్టు.
ఒక్క గోడ గీశాను.
కిటికీ ఎక్కడొస్తుందో తేల్చుకోలేక
కాసేపు వేలు అలాగే ఉంచాను.
అతను ఇంజను ఆపేసి,
ఫ్లాస్కు మూత తిప్పుతూ, తొందరేం లేదన్నాడు.