ముప్పై అయిదో వంతు

పగలు పళ్ళ లాబ్‌లో నా పని
ఎవరెవరి నవ్వులకో పింగాణీ తొడగడం.
రాత్రి అవే పనిముట్లు,
మైనం చెక్కే ఉలి, కొక్కెం ముల్లు,
మూడు వెంట్రుకల కుంచె,
వంటింటి బల్ల మీద టాంకు కిందికి దూరతాయి.

హోలోన్‌లో జులై. ఫ్యాన్ వెయ్యకూడదు,
వేస్తే చక్రాల మూతలు ఎగిరిపోతాయి.
కిందటేడు ఒకటి అలాగే పోయింది.
ఫ్రిజ్ కింద ఉందని మా అబ్బాయి,
పిల్లి మింగిందని నేను.

బెర్టో అల్కలాయ్ మా మెట్లెక్కి వచ్చిన రోజు
ఆయాసం ఆయనకంటే ముందు లోపలికొచ్చింది.
కింది దవడ పళ్ళు నేను చేసినవే.
వాటితోనే అన్నాడు:
"షోట్ కావాలి. డెబ్భై మూడులోది. గోలాన్.
నేను గన్నర్ని."
ఫోటో లేదు.
నేనున్నానుగా, చాలదా అన్నట్టు చూశాడు.

సినాయ్ గ్రే అంటారు ఆ రంగుని.
పేరుకే బూడిద. పచ్చా కాదు, మట్టీ కాదు,
ఎండలో మరిచిపోయిన ఆలివ్ నూనె సీసా అడుగు.
ముందు తుప్పు వేశాను.
తుప్పు మీద హెయిర్ స్ప్రే, దాని మీద రంగు.
ఆరాక తడి కుంచెతో రుద్ది, పంటిపుల్లతో గీకితే
అంచుల్లో, మనుషులు కాళ్ళు పెట్టి ఎక్కే చోట్లలో
కిందున్న తుప్పు కళ్ళు తెరుస్తుంది.
కొత్తదాన్ని పాతది చెయ్యడమంటే ఇంతే,
ముందు గాయం, తర్వాత చర్మం.

వారం వారం వచ్చేవాడు.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు ఆనించి చూసేవాడు.
ఇక్కడి దిబ్బల ఇసుక తెచ్చి
టీ వడపోతలో జల్లించి చల్లితే
"ఇది సముద్రానిది" అన్నాడు.
"అక్కడి దుమ్ము నల్లన.
పంటి కింద కరకరలాడదు, అంగిట్లో అతుక్కుంటుంది."
కడిగేశాను.
బొగ్గు సుద్దా, కాల్చిన మట్టిరంగూ కలిపి నూరి
మళ్ళీ మొదటినించీ.

"వెనక బుట్టలో నారింజల పెట్టె ఉండేది,
కాదు, కాదు, దానిమ్మలు. పండగ రోజులు కదా.
నాలుగే మిగిలాయి."
నాలుగు ధనియాలకి ఎరుపు పూశాను.
ధనియానికీ దానిమ్మకిలాగే
నెత్తిన చిన్న ముచ్చిక ఉంటుందని
ఆ రాత్రిదాకా నాకు తెలీదు.

మసి మాత్రం వెయ్యనివ్వలేదు.
"ఎక్కడ తగిలింది?" అని అడిగాను,
కొలత అడిగే పనిమనిషి గొంతుతో.
"దానిమ్మలు కాలకముందుది చెయ్యి."

అలమరలో ఇంకో పెట్టె ఉంది, విప్పనిది.
సిరియా వాళ్ళ టి-యాభై అయిదు.
అందులోనూ మనిషి అయిదు సెంటీమీటర్లే.
చేతిలోకి తీసుకున్నాడు, బరువు చూశాడు.
"వీళ్ళూ నలుగురే" అని
ఎక్కడిది అక్కడ పెట్టేశాడు.

ఆఖరి రోజు.
టరెట్ నేనెప్పుడూ అతికించను, ఊరికే ఆనించి ఉంచుతాను.
గన్ను ముందుకి, కాస్త కుడివైపుకి పెట్టాను.
అందంగా ఉందనే అనుకున్నాను.

"అవినోఅమ్ కూర్చునేది ఇక్కడ."
గోటి చివర డ్రైవర్ మూత.
మూత మీద, అడ్డంగా, గన్ గొట్టం.
"గొట్టం ఇలా ఉంటే ఇది లేవదు."
ఫ్రిజ్ కాసేపు గుర్రుమని ఆగింది.
"తిప్పేది నేనే" అన్నాడు.
తర్వాత చాలాసేపటికి,
"తిప్పొచ్చా?"

ఒక్క చూపుడువేలు.
మిల్లీమీటరు. ఇంకో మిల్లీమీటరు. ఎడమకి.
ఆరని రంగేదో వేలికంటింది, చూసుకోలేదు.
తిరిగింది.
దేనికీ పట్టుకోలేదు, తిరిగింది.

మూత రెక్కలు రెండూ ముల్లుతో పైకెత్తాను.
జిగురు ఆరేదాకా కదలకుండా కూర్చున్నాడు.

డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి,
అట్టపెట్టె గుండెకి ఆనించుకుని,
గుమ్మం దగ్గర ఆగాడు.
కింది పళ్ళు ఎడంపక్క ఒరుస్తున్నాయట,
గురువారం వస్తాడట.