సుత్తుల రాత్రి

జూన్ ఇరవై మూడు. పోర్టోలో చీకటి పడ్డాక
ఎవరి నెత్తి మీదైనా ఎవరైనా కొట్టొచ్చు.
ప్లాస్టిక్ సుత్తి. కీచుమంటుంది, అంతే.
దెబ్బ తిన్నవాడు నవ్వాలి,
ఈ రాత్రికి అదొక్కటే చట్టం.

మా చెల్లెలు ఎర్మెలిందా మెట్ల వీధి మొదట్లో
తెల్లారేదాకా సార్డీన్ చేపలు కాలుస్తుంది,
అందుకని పిల్లలు ముగ్గురూ నా వంతు.
"రోజూ బస్సు నిండా జనాన్ని మోస్తావు,
ముగ్గురు నీకొక లెక్కా?" అంది,
కళ్ళలో పొగ, మాటలో ఉప్పు.

ఐదేళ్ళ బెనెదీతాకి సుత్తి తనంత ఉంది.
అందినవల్లా కొడుతోంది:
మోకాళ్ళు, సంచులు, ఒక ముసలి కుక్క,
ఒక పోలీసు బూటు.
ఆయన టోపీ తీసి, గొంతుక్కూర్చుని,
"అక్కడ కాదు తల్లీ, ఇక్కడ" అని నెత్తి చూపించాడు.

తొమ్మిదేళ్ళ తొమే లెక్కల మనిషి.
"నూట పన్నెండు. నూట పదమూడు.
బట్టతల! దీనికి రెండు."

పదిహేనేళ్ళ ఇరియా
పదడుగుల ముందు నడుస్తోంది, మేమెవరో తెలియనట్టు.
సుత్తి వద్దంది, చిన్నపిల్లలదట.
మరీ దూరమైతే మాత్రం ఆగి
చెప్పు పట్టీ సర్దుకుంటుంది.
ఆ పట్టీ ఎన్నిసార్లు ఊడిందో
తొమే లెక్కపెట్టలేదు. నేను పెట్టాను.

సందు మలుపులో ఒకావిడ
గుండ్రంగా కత్తిరించిన మంజెరీకు కుండీలు అమ్ముతోంది.
పొట్టి తులసి జాతి, కొమ్మకొక కాగితం పువ్వు.
"ముక్కు పెడితే వాడిపోతుంది పాపా,
అరచెయ్యి ఆనించి, చెయ్యి వాసన చూసుకో."
బెనెదీతా ఆనించి, ఆ చెయ్యి నా ముక్కుకి పెట్టింది.
నాకు ముందొచ్చింది చేపల వాసనే.
బాగుందన్నాను. నిజంగా బాగుంది.

అర్ధరాత్రి నది మీద బాణసంచా.
వారం రోజులుగా దాని కోసమే నిద్ర మానిన పిల్ల
మొదటి చప్పుడుకే నా కోటులో దూరింది.
చివరి పొగ చూసి తల బయటపెట్టి
"అప్పుడే అయిపోయిందా?" అని నన్నే తిట్టింది.

మిరగాయా దగ్గర జనం ముద్ద.
ఎర్రటి చెవుల పొడుగు కుర్రాడొకడు
వెల్లుల్లి పూల కాడ పట్టుకుని
(సుత్తులు రాకముందు మా తాతల ఆయుధం అదే)
ఊదారంగు గుత్తిని ఇరియా ముక్కు కింద ఆడించి పారిపోయాడు.
"ఛీ, కంపు!" అంది.
రెండు క్షణాలాగి,
తమ్ముడి చేతిలో సుత్తి లాక్కుని అతని వెంట పడింది.
"నా నూట అరవై నాలుగు!" తొమే గగ్గోలు.
నేను ఆకాశంలో కాగితపు బుడగల్ని చూస్తూ నిలబడ్డాను.
అద్దంలో చూసీ చూడనట్టుండడం
ఇరవై రెండేళ్ళ డ్రైవరుకి నేర్పక్కర్లేదు.

ఆ తర్వాత సముద్రం దాకా నడక.
రోజూ నేను బస్సు నడిపే దారే,
కాళ్ళతో ఎన్నడూ కొలవనిది.
స్టాపు స్టాపుకీ మధ్య ఇంత దూరముందని
ఎక్కేవాళ్ళు ఎప్పుడూ చెప్పలేదు.
మూడో స్టాపు దగ్గర ఇరియా వచ్చి కలిసింది,
జుట్టు నిండా వెల్లుల్లి.
ఇప్పుడు పక్కనే నడుస్తోంది.
"కాళ్ళు నొప్పా?"
"లేదు మావయ్యా."
అంతకుమించి నేనడగలేదు.
బెనెదీతా నా భుజం మీద
తడి గోనెసంచి బరువై నిద్రపోయింది.

ఫోజ్ ఇసుకలో తెల్లారింది.
ఎవరెవరో దుప్పట్లు కప్పుకుని,
ఒకడు చెప్పులు తలకింద పెట్టుకుని.
మొదటి బస్సు బెల్మీరుది.
ప్రయాణికుల సీట్లో కూర్చుంటే
నా దారి నాకే కొత్తగా, వెనక్కి పోతోంది.

ఎక్కుతూనే తొమే, మిగిలిన ఓపికంతా కూడదీసి,
బెల్మీరు నెత్తిన ఒక్కటిచ్చాడు.
సుత్తి పలకలేదు. అక్క వేటలో కీచు పోయింది.
బెల్మీరు నవ్వాలో వద్దో తెలియక చూస్తున్నాడు.
తొమే ఒక్క క్షణం సుత్తి వైపు చూసి
నోటితోనే అన్నాడు:
"కీచ్."
నూట అరవై అయిదు.