ఇరవై మూడో పేజీ

దివాణం అద్దె రోజుకి లక్షన్నర, జీఎస్టీ వేరే.
గోడకి మేకు కొట్టకూడదు.
పావురాల్ని అదిలించకూడదు.
వసారాలో పల్లకీ ఎవరూ ఎక్కకూడదు.
మేనేజరు కాగితం చదవడం పూర్తికాకముందే
పెళ్లికొడుకు మేనల్లుళ్లు నలుగురు అందులో ఉన్నారు.

పొన్నూరు రోడ్డు దిగి, చేల మధ్య అరమైలు.
నూట నలభై ఏళ్ల మేడ,
రంగూన్ టేకు స్తంభాలు, వాటిని చుట్టుకుని ఏసీ గొట్టాలు.
ఆ గొట్టాలు, పెచ్చులూడిన కార్నిసు,
కుళాయి దగ్గర గుండిగలు తోముతున్న మనిషి
ఏదీ ఫ్రేములో పడకుండా తీయాలి.
ముప్పై ఏళ్లుగా నేను తినేది ఆ అన్నమే.

నాగూర్ వలీ నా లైటు.
నేను కనుబొమ ఎత్తితే వాడు స్టాండు ఎత్తుతాడు.
నల్లచెరువు కుర్రాడు, మాట తక్కువ,
పెళ్లి భోజనంలో పెరుగన్నం ఒక్కటే తింటాడు.

ముహూర్తం మూడుంపావుకి.
ఒంటిగంటన్నరకి లోపలి గదిలో గౌరీపూజ.
గోడ పొడుగునా అద్దం,
పాదరసం రాలిపోయి
మనిషిని ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది.
ఒకచోట బాసికం, ఒకచోట భుజం, మధ్యలో గోడ రంగు.
పసుపు ముద్ద ముందు కూర్చున్న లిఖిత
ఉన్నట్టుండి తలెత్తి
ఆ అద్దంలో తనని వెతుక్కుంది.
కన్ను దొరికింది. అది నిండి ఉంది.

ముప్పై ఏళ్లకి ఒకసారి వచ్చే ఫొటో అది.
సగం నొక్కాను.

లైటు ఆరిపోయింది.

"ఒరేయ్ వలీ!"
నోట్లోనే అరిచాను.
ప్రమిదలో ఒక్క వత్తి. గాజుల చప్పుడు.
గట్టిగా ఒక ఎగశ్వాస, ఆపుకోని ఏడుపు కాసేపు.
బయట సన్నాయి శ్రుతి చూసుకుంటోంది,
ఎవరో బస్సు తాళాల కోసం కేకలేస్తున్నారు.
నిమిషమో, రెండో.

వెలుగొచ్చేసరికి
ఆమె కాటుక సర్దుకుంది,
ఆల్బంలో ఉండాల్సిన నవ్వు నవ్వింది.
"బ్యాటరీ, సార్," అన్నాడు వలీ.
బ్యాటరీ మీద నాలుగు గీతలూ పచ్చగా వెలుగుతున్నాయి.

పొద్దున చేబ్రోలు దగ్గర టీ ఆపి తిట్టాను.
అంతా విన్నాడు.
గ్లాసు అడుగున మిగిలింది పారబోసి,
"మా అక్క నిఖా రోజు ఎవరూ లైటు ఆపలేదు సార్,"
అని, కాసేపాగి
"ఫొటోలు తీసింది మీరే," అన్నాడు.

అప్పటికి వాడు నా దగ్గర చేరలేదు.
ఎర్ర ముసుగు, దాని అంచున ఒక్క చుక్క.
బ్రాడీపేటలో మా స్టూడియో షోకేసులో
రెండేళ్లు ఉంది ఆ ఫొటో.
దాన్ని చూసే ఎన్నో ఆర్డర్లు వచ్చాయి.
ఆ పిల్ల పేరేమిటని
ఎవరూ అడగలేదు. నేనూ.

టీ డబ్బులు వాడే ఇచ్చాడు.

ఆల్బం తయారైంది, అరవై పేజీలు.
ఇరవై మూడోది
ఈ చివర నుంచి ఆ చివరకి నలుపు.
వారానికి పెళ్లికూతురి తల్లి ఫోను:
"ఇంత పోసి చేయించుకుంటే
ఈ పేజీకేమైందయ్యా?"
వెనక నుంచి లిఖిత గొంతు,
"ఉండనీ అమ్మా, అది బాగానే పడింది."
"ఏం పడిందే, నా మొహం? ఏమైందో చెప్పవయ్యా!"

వలీ మూల కూర్చుని చార్జింగు పెడుతున్నాడు.
తలెత్తలేదు.

"బ్యాటరీ, అమ్మా," అన్నాను.