ఎడమ తుంటి

గాల్వేలో ఆ యంత్రం కింద పడుకోబెట్టి
కదలొద్దన్నారు.
నాకు చేతకాని పని అదొక్కటే.
ఇరవై రెండేళ్లుగా ఇనిష్ ఇయర్ దీవిలో
గోడలు కడుతున్నాను,
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయి మీద రాయి, బరువే వాటికి బంధం.

తెర మీద నా ఎముకలు
పొగమంచులో లంగరేసిన పడవల్లా ఉన్నాయి.
డాక్టర్ హెషన్ పెన్సిల్ మొనతో చూపించింది:
వెన్ను మైనస్ రెండు పాయింట్ మూడు.
ఎడమ తుంటి దానికి దగ్గరే.
కుడిది మాత్రం...
ఆగి, నా చేతులకేసి చూసింది.
"మీరేం పని చేస్తారు?"

నలభై ఒకటి నాకు.
మార్చిలో రావలసింది మేలో వచ్చింది,
జూన్‌లో రెండుసార్లు,
ఆ పైన జాడ లేదు.
కడుపేమోనని మందుల షాపులో
షాంపూ సీసా చాటున పెట్టె దాచుకుని కొన్నాను.
ఒక్క గీతే.
నవ్వాలో ఏడవాలో తెలియక టీ పెట్టుకున్నాను.
రాత్రి రెండింటికి ఒళ్లు కొలిమి.
కిటికీ తెరిస్తే అట్లాంటిక్ అంతా
మంచం మీదికొచ్చి పడేది.
కోల్మన్ దుప్పటి తలదాకా లాక్కుని
"మళ్లీ వేసవా?" అని గొణిగేవాడు.

మా అమ్మ బార్బ్రది ఎముక లేని చెయ్యి.
అడిగినవాళ్లకు గుడ్లు, అడగనివాళ్లకు రొట్టె.
యాభై ఎనిమిదో ఏట
గొర్రెనొకదాన్ని అదిలించబోయి
గడ్డి మీద, మెత్తటి గడ్డి మీద
జారిపడింది.
హెలికాప్టర్ దిగిన చోట
ఇప్పటికీ ఏమీ మొలవలేదని చెబుతుంటాను.
అబద్ధం. క్లోవర్ మొలిచింది.
అమ్మే మళ్లీ మెట్టెక్కలేదు.
ఆమెకు నలభైలోనే ఆగిపోయిందట.
అంత్యక్రియలయ్యాక పిన్ని చెప్పింది,
గిన్నెలు కడుగుతూ,
కుళాయి హోరులో మాట కలిపేస్తూ.
గోడలకు చెవులుంటాయని మా ఇంట్లో భయం.

నేను కట్టే గోడలకు కళ్లు కూడా ఉంటాయి.
ఇన్ని కంతలేమిటి, పడిపోదా
అని పడవ దిగినవాళ్లు అడుగుతారు.
గాలికి దారిస్తేనే నిలుస్తుంది, అంటాను.
డాక్టర్‌కూ అదే చెప్పాను, కాస్త పొగరుగా.
ఆమె ఒప్పుకుంది.
ఎముక లోపలా కంతలే.
కానీ రోజూ కొన్ని రాళ్లు తీసేవాళ్లుంటారు,
కొన్ని పేర్చేవాళ్లుంటారు,
తీసేవాళ్ల మీద ఈస్ట్రోజన్ కాపలా.
మీ కాపలా పదేళ్లు ముందే ఇంటికెళ్లిపోయింది
అంది.

ఇప్పుడు పొత్తికడుపు మీద
తపాలా బిళ్లంత పట్టీ.
సోమవారం ఒకటి, గురువారం ఒకటి.
ఎవరికి పంపుతున్నారో నన్ను, తెలియదు.
పడుకునే ముందు మాత్ర,
ఎండ మొహం చూడని నెలల్లో చుక్కల మందు.
డబ్బా సార్డీన్లు ముళ్లతో సహా నములుతుంటే
పిల్లి ఎదురుగా కూర్చుని
ఇదేం న్యాయమన్నట్టు చూస్తుంది.

కుడి తుంటి సంగతి
తిరుగు పడవలో తట్టింది.
రాయెత్తితే కుడివైపే ఆనించుకుంటాను,
పసిపిల్లను చంకనేసుకున్నట్టు.
ఇరవై రెండేళ్లూ అటే.
ఎడమది ఊరికే వెంట నడిచింది,
బరువెలా ఉంటుందో
దానికెవరూ చెప్పలేదు.

ఇవాళ మార్టీన్ పొలంలో గోడ కూలిన చోట
ఓ చదును రాయి ఎంచుకున్నాను, పెద్దదేం కాదు.
ఎడమవైపు ఎత్తుకున్నాను.
వేళ్లకు పట్టు తెలియలేదు.
తుంటికి ఎంత ఒరగాలో తెలియలేదు.
పది అడుగులకే ఆయాసం, చెమట,
ఏ చెమటో మరి.

గోడ అవతలి నుంచి మార్టీన్ అరిచాడు:
"ఏం గోబ్నట్, పని కొత్తగా నేర్చుకుంటున్నావా?"

"అవును" అన్నాను.
దించి, ఇంకో రాయి వెతుక్కున్నాను.