క్లిక్ వినబడేదాక

కోఠిల, గుజరాతీ గల్లీల
కిరీట్ భాయ్ కౌంటర్ అద్దం మీద
రెండు నల్లటి డబ్బాలు.

ఒకటి సినిమాకే పుట్టింది.
ఇటుక లెక్క బరువు, వెనక చిన్న ఫ్యాను,
పక్కన మైకులకు రెండు లావు బొక్కలు.
కన్ను ఆనిచ్చే కిటికీ లేదు.
ఫోటో తియ్యదు.

రెండోది రెండు పనులూ చేస్తది.
నా చెయ్యి వణికితే దాని కడుపుల అదే సర్దుకుంటది,
మొహం ఏడికి పోతే ఆడికి పోతది,
పెండ్లిల చంటిపిల్ల వెంట పడ్డ మేనత్త లెక్క.

"రేటు ఒక్కటే నర్సింగ్," అంటడు కిరీట్ భాయ్,
"పరేషానీ వేరే."

నా జేబుల మూడేండ్ల పెండ్లిళ్ళున్నయి,
డెబ్బై ఒకటి.
అత్తాపూర్ ఫంక్షన్ హాల్ల మే నెలది గూడ అండ్లనే:
కిరాయి కెమెరా కాగి కాగి
జీలకర్ర బెల్లం కాడ కండ్లు మూసింది.
తెర మీద ఎర్ర థర్మామీటర్ బొమ్మ.
ఐస్‌క్రీం స్టాల్ కాడికి ఉరికి
గుప్పెడు ఐసు కర్చీఫుల కట్టి
దాని వీపుకు అద్దిన, జ్వరమొచ్చిన పిల్లకు అద్దినట్టు.
కండ్లు తెరిచేసరికి తలంబ్రాలు.
ఆ ఇంటోళ్ళు ఇంకా పదివేలు ఇయ్యాలె.
అడిగే మొహం నాకు లేదు.

అందుకే ఆ ఫ్యాను మీద నా కన్ను.
ఊపిరి తీసే యంత్రం
నడిమిట్ల సొమ్మసిల్లదు.

ఇంకోటి గూడ ఉంది, చెప్తే నవ్వుతరు.
కృష్ణానగర్ రూముల, అల్మారి తలుపుకు అంటించిన
పదహారు పేజీలు.
గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల
తెల్లారగట్ల మూడింటికి మొదలయితయి.
ఆ చీకటి నల్లగ పడాలె,
బూడిద పోసినట్టు కాదు.

"ఆధార్ ఈడ పెట్టు,
పది నిమిషాలు బయట తిప్పి చూడు."

బయట ఫుట్‌పాత్ మీద మోయిజ్ చాచా,
ముందట ఆకురాయి, గుత్తులు గుత్తులుగ తాళంచెవులు.
"బేటా, కార్పొరేషనోళ్ళ కార్డుకు
నాది ఒక ఫోటో కొట్టు."

నా చేతుల ఉన్నది ఇటుక.
ఇంత పెద్ద మిషిను ఫోటో తియ్యదంటే
ఎవరు నమ్ముతరు?
ఎర్ర బటన్ నొక్కిన.

చాచా కాలరు గుండీ పెట్టుకుండు,
గడ్డం దువ్వుకుండు,
ఊపిరి బిగబట్టి
క్లిక్ కోసం చూసిండు.

నాలుగో సెకనుకు సర్కారు మొహం.
ఏడో సెకనుకు బస్సు పోయింది, కన్ను దాని వెంబడి పోయింది.
తొమ్మిదో సెకను: చేతుల చెవి కింద పెట్టుడు మర్సిపోయిండు,
బొటనవేలు దాని పండ్లను
ఒక్కటొక్కటి తడుముతుంది.
పదకొండుకు
ఆ సర్కారు మొహం దానంతటదే జారింది.
కింద ఇంకోడున్నడు.
ఆయనను ఎవరూ ఏ కార్డుకూ అడగలేదు.

"అయిపాయెనా?"
పన్నెండు.

లోపలికి పోయి రెండోది తెచ్చిన.
చాచా మళ్ళ మొహం తొడుక్కుండు.
క్లిక్.
ఊపిరి వదిలిండు.
"హా, ఇది మిషిను."

శ్రావణంల పదకొండు ముహూర్తాలు.
రూము కిరాయి ఆరువేల ఐదొందలు.
బిల్లు రెండోదానికే అయింది,
పద్నాలుగు కిస్తులు.
దీనికి ఫ్యాను లేదు,
హాల్ల అడుగు పెట్టంగనే
ఐస్‌క్రీం స్టాల్ ఏ మూలకుందో చూసుకోవాలె.

కిరీట్ భాయ్ ఇటుకల కార్డు
అలవాటు కొద్ది తుడవబోయిండు.
"ఆగు భాయ్. కార్డు గూడ బిల్లుల వెయ్యి."
"ఇది నీదాంట్ల పట్టదు కదనే?"
"తెలుసు."

పర్సుల ఉంది, ఆధార్ వెనక.
చాచా గుత్తిల గూడ అసుంటివి ఉన్నయట,
ఏ తాళానియో ఆయనకే తెల్వదు,
పారెయ్యడు.