ఏజెంట్లు

ఆదోని యార్డులో ఏజెంటంటే
హుసేనప్ప.
తువాలు కింద వేళ్లు పట్టి
రేటు తేల్చేవాడు, నోరు మెదపకుండా.

ఇప్పుడు నాకు ఆరుగురు,
తెర మీద ఆరు డబ్బాలు.
ఒకటి తూకం చీటీలు చదువుతాది.
ఒకటి గుంటూరు ధర అడిగొస్తాది.
ఒకటి ఊరికే గుండ్రంగా తిరుగుతా
"ఆలోచిస్తున్నా" అంటాది, పొద్దున్నుంచి.

నాలుగోది పసుప్పచ్చగా ఆగింది:
"దస్తగిరమ్మ, పెద్దహరివాణం, పదకొండు మూటలు.
తేమ ఎక్కువ. రెండొందలు తగ్గించనా?"
కింద రెండు బటన్లు.
ఆమె కిటికీ అవతలే ఉంది,
మూటకానుకొని.

మౌసు వదిలి పోయి
పత్తిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టినా.
పైపైన తుంపర.
లోపల నిన్నటి ఎండ.

వచ్చి, "వద్దు" నొక్కినా.
కారణం రాయమంది.
దూది అంటిన వేళ్లతో
"చెయ్యి పెట్టి చూసినా" అని రాసినా.

ఫోటో జత చెయ్యమంది.