పోదు

కంచరపాలెంలో మా ఇస్త్రీ కొట్టు గూట్లో
పదకొండు సీసాలున్నాయి.
దగ్గుమందువి, తేనెవి, ఒకటి హోమియో గుళికలది.
ఒక్కదాని మీదా పేరు లేదు, తారీఖులే.
మొన్న జూలైలో శంఖుపూల రసం పులిసి
మూత పేలి, సున్నం గోడంతా నీలమైంది.
పొద్దుటికి నాచు రంగుకి తిరిగింది.
నాలుగో నాటికి
గోడ గోడలాగే ఉంది.

"రాసి పెట్టుకో అమ్మా," అన్నారు సాంబమూర్తి గారు.
"పోయిన రంగే ముందు రాయాలి."
పోర్టులో ముప్పయ్యేళ్లు
ఓడలు వచ్చిన వేళా, వెళ్లిన వేళా రాసిన మనిషి.
ఇప్పుడు దానిమ్మ తొక్కలు నానబెడుతున్నారు,
భార్యకి తెలీకుండా, ఆవిడ పప్పు గిన్నెలో.

ఆరుగురం మేం.
నెలకోసారి కలుస్తాం,
ఆ రోజు కుళాయి ఎవరింట్లో వస్తే వాళ్లింట్లో.
బాగా కుదిరింది తేకపోయినా ఎవరూ ఏమీ అనరు.
చెడింది మాత్రం తేవాలి.

మెహజబీన్ బచ్చలిపండ్ల సిరా తెచ్చింది.
అబ్బ, ఆ రంగు!
సీసా చేతులు మారుతుంటే
అందరి గోళ్లూ పెళ్లికెళ్లినట్టయ్యాయి.
కాయితం మీద గీసి కిటికీకి అంటించాం.
ఎనిమిదో రోజుకి
అది టీ గ్లాసు అడుగు మరక.
ఆ పిల్ల దాన్ని చింపలేదు,
వెనక్కి తిప్పి, నీడలో ఎన్నాళ్లుంటుందో చూద్దామంది.

పాంగి దాసు పాడేరు బస్సులో జాఫ్రా గింజలు తెస్తాడు.
అదే గింజ, అదే పటిక, అదే మంట.
వాళ్ల కొండ ఊటలో నిప్పుకణిక,
మా బోరు నీళ్లలో పాత ఇటుక.
"రంగు గింజలోనే ఉండదక్కా."
నేను నమ్మలేదు.
తర్వాత నెల రెండు క్యాన్ల ఊట నీళ్లు
కాంప్లెక్సులో దిగి, భుజం మార్చుకుంటూ
మా గుమ్మం దాకా మోసుకొచ్చాడు.
అప్పుడు నమ్మాను,
నీళ్లనో, అతని భుజాన్నో.

నాది ఒకటుంది, చాలా నెలలు తేలేకపోయాను.
మా అయ్య నల్లజీడి పిక్కకి సూది గుచ్చి
ఉతుకు బట్టల మూలల్లో గుర్తులు పెట్టేవాడు.
డాక్టరు గారింటికి మూడు చుక్కలు,
రైల్వే గార్డుకి కొక్కెం,
అప్పు ఎగ్గొట్టినోళ్లకి అడ్డగీత.
చుక్క మీద సున్నం అద్దితే
ఇక బట్ట చిరగాలే గానీ గుర్తు చెరగదు.
అక్షరం రానివాడు రెండొందల ఇళ్లు చదివేవాడు.
ఆ జీడి రసం వేళ్లని కాల్చి పొలుసులు లేపింది.
ఆ వేళ్లతో నాకు ఫీజు కట్టడానికి బడికొస్తే
నేను తలుపు చాటుకి వెళ్లాను.

తలగడ గుడ్డ ముక్క ఒకటి మిగిలింది, కొక్కెం గుర్తుది.
పోయిన నెల అదే తీసుకెళ్లి మధ్యలో పెట్టాను.
చెడింది ఇదేనని చెప్పాను.
ఎవరూ మాట్లాడలేదు.
సాంబమూర్తి గారు భూతద్దం పెట్టి చూసి
"యాభై ఏళ్లు!" అన్నారు,
ఓడని చూసినట్టు.

జీడి రసం జోలికి మాత్రం వెళ్లొద్దనుకున్నాం,
వేళ్లు అందరివీ కావాలి.
నూకరాజు హార్బరు నుంచి బోటు మేకులు తెచ్చాడు,
ఉప్పుగాలి తిని ఉబ్బినవి.
తాటిబెల్లం నీళ్లలో మూడు వారాలు పడుకోబెట్టాం.
కరక్కాయలు దంచి, కాచి, వడగట్టి,
కాస్త తుమ్మ జిగురు,
బూజు పట్టకుండా రెండు లవంగాలు.
రెండూ కలిపాక పుల్ల ముంచి గీస్తే
వాన నీళ్ల గీత. ఉందా లేదా అన్నట్టుంది.
మేకులదే తప్పన్నాడు మేకులు తెచ్చినవాడే.

అయినా ఆ నీళ్ల గీతతోనే
పుస్తకం మొదటి పేజీలో రాశాను:
శంఖుపూలు, నాలుగు రోజులు.
బచ్చలి, ఎనిమిది.
జాఫ్రా, బోరు నీళ్లు, దండగ.
దీపం ఆర్పి పడుకున్నాను.

గాలి ఏం చేసిందో రాత్రంతా,
తెల్లారేసరికి పేజీ నిండా నలుపు.
పోయిన రంగులన్నీ వరసగా,
కాకులు వాలినట్టు.

కొట్టు తీస్తుంటే నూకరాజు వచ్చాడు.
నిన్నటి చొక్కా, జేబు కింద అరచేతంత మరక.
"మా ఆవిడ చంపేస్తాదే. ఇది పోద్దా?"

వెలుగులోకి పట్టి చూశాను. గోటితో గీరాను.
"పోదు," అన్నాను.
ఇరవయ్యేళ్ల కొట్టులో
ఆ మాట ఇంత సంతోషంగా
ఎవరికీ చెప్పలేదు.